భోజనానికి ముందు నా వందన సమర్పణ

ఇందులో ఒక్క మాట కల్పితమైనా రేపటి నుంచి మా ఇంట్లో ఇడ్లీ పిండి పులవకూడదు, కుక్కరు కూత పెట్టకూడదు, నేనెక్కిన మెట్రో పెట్టెలో ఏసీ పనిచేయకూడదు. ఇంతకంటే పెద్ద ఒట్లు నాకు తెలియక కాదు. పిల్ల మీదో మొగుడి మీదో ఒట్టు పెడితే, వాళ్లకేమైనా అయిన రోజున ఆస్పత్రికి తిరిగే పని కూడా నాకే పడుతుంది. అందుకని వస్తువుల మీదే పెట్టాను. నమ్మండి.

మాది తార్నాక. పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో నేను సోషియాలజీ చెబుతాను. ఇంట్లో నలుగురం: నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే కూతురు, మా అత్తమ్మ. నలుగురి పనులూ కలిపి ఒకే చోట రాసి ఉంటాయి, పెళ్లి పత్రికల వెనక. ఫోన్లో రాసుకోవచ్చు కదా అని నా కూతురు చాలాసార్లు చెప్పింది. ఫోన్లో రాసిన పని కనిపించదు, కనిపించని పనికి నా మీద భయం ఉండదు. పెళ్లి పత్రిక అయితే దళసరిగా ఉంటుంది, ఫ్రిజ్ మీద నిలబడుతుంది, ముందువైపు బంగారు రంగు వినాయకుడు ఉంటాడు కాబట్టి ఎవరూ చెత్తబుట్టలో వేయడానికి సాహసించరు. వెనకవైపు మాత్రం నా రాత: గ్యాస్, అత్తమ్మ బీపీ గోలీలు, పిల్లకు థర్మోకోల్ షీటు, గీజరు, ఇంటర్నల్ మార్కులు, మినప్పప్పు నానబెట్టడం, బాల్కనీ తలుపు గొళ్లెం. అన్నిటికీ అడుగున ఒకే మాట: పేపరు.

పై పనులు అయిపోయేవి, కొత్తవి వచ్చేవి. ఒక పత్రిక నిండితే ఇంకో పెళ్లి పత్రిక తీసేదాన్ని. పేపరు మాత్రం ఒక పత్రిక అడుగు నుంచి ఇంకో పత్రిక అడుగుకు దిగుతూ, తార్నాకలో జరిగిన సగం పెళ్లిళ్లు చూసింది.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఇంటి పనిలో సాయం చేస్తాడు. ఆయన సాయమేమిటంటే, గుర్తు చేయడం.

"గీజర్ మెకానిక్‌కు ఫోన్ కొట్టినవా?" అంటాడు, సోఫాలోంచి.

"మీరు కొట్టరాదా?"

"నా దగ్గర నంబర్ లేదు."

"పంపుత."

"పంపుడెందుకు మళ్ల. ఒక్క ఫోనే గదా, నువ్వే కొట్టెయ్."

ఇక ఆ పేపరు సంగతి. ఆదివారం పొద్దున్నే పిల్లను లాలాపేట్‌లో లెక్కల ట్యూషన్‌కు దింపేదాన్ని. మధ్యలో ఇంటికి తిరిగొస్తే పెట్రోలు దండగ, అది అయ్యేదాకా నిలబడితే కాళ్లు దండగ. ఆ గల్లీలో నల్లా వచ్చే రోజున ఆడవాళ్లు బిందెలు, డ్రమ్ములు వరుసగా పెట్టుకుని కూర్చునేవారు. నేనూ వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను. ముందు ఊసుపోక మాట్లాడాను, తర్వాత రాసుకోవడం మొదలుపెట్టాను. అక్కడ నీళ్లు ఏ వేళ వస్తాయో ఎవరికీ తెలియదు. ఒకామె రాత్రి పడుకునే ముందు నల్లా తిప్పి ఉంచి, కింద స్టీలు పళ్లెం బోర్లించేది. మొదటి చుక్క పళ్లెం మీద పడగానే ఆ చప్పుడుకు లేచేది. ఇల్లంతా నిద్రపోయేది, ఆమె చెవి మాత్రం పళ్లెం దగ్గర కూర్చునేది.

"నల్లా వచ్చే దినం నాకు కలలు రావమ్మా," అందామె నాతో. "పండుకుంట గని, నిద్ర పోను."

ఆ మాట రాసుకున్న రోజునే పేపరు పుట్టింది. నీళ్ల వేళలకూ ఆడవాళ్ల నిద్రకూ ఉన్న సంబంధం గురించి. నా వంట గట్టు మీద, పిల్ల స్కూల్ బస్సు కోసం నిలబడ్డ చోట, ఇన్విజిలేషన్ గదిలో ముక్కలు ముక్కలుగా రాశాను. పూర్తయిందని చెప్పినప్పుడు పళ్లెం ఆమె నవ్వింది.

"మా నీళ్ల ముచ్చట ఎవరింటరు మేడం?"

"నేను వినిపిస్త," అన్నాను. నోరు జారి కాదు. నిజంగానే అన్నాను. నలుగురి ముందు నిలబడి, నా గొంతుతో ఆ పేపరు చదవాలి. నాకు ఆ సంవత్సరం కావలసింది అదొక్కటే. గీజరు కూడా అక్కర్లేదు.

మా డిపార్టుమెంటు హెడ్డు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి హబ్సిగూడలో స్థిరపడ్డ మనిషి. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. పని చెప్పే ముందు పొగుడుతారు. "మీరు చేస్తే ఆ నీటు వేరమ్మా" అని ఆయన అన్నారంటే ఏదో ఒక గది తాళం చెవి నా వైపు వస్తున్నట్టు. గతంలో జరిగిన ప్రతి సెమినారుకూ నా పేపరు పెడతామన్నారు, ప్రతిసారీ బొకేలు తెప్పించే పని పెట్టారు. ఈసారి జాతీయ స్థాయి సెమినారు. "మీ నీళ్ల పేపరు మొదట్లోనే ఉంటుందమ్మా, నాదీ పూచీ" అన్నారు. అంటూనే శాలువాలు, జ్ఞాపికలు, దీపం కుంది, ప్రార్థనా గీతం పాడే పిల్లలు, బ్యానరు, మైకు, సర్టిఫికెట్లు, భోజనాలు కూడా నాకే అప్పగించారు. నా పెళ్లి పత్రికకు ఒక వైపు చాలక వినాయకుడి చెవుల పక్కన కూడా రాశాను.

ఆహ్వానపత్రంలో అక్షర దోషాలు చూసే పనీ నాదే. అందువల్లే తెలిసింది. ముందు పేజీ చూశాను, వెనక పేజీ చూశాను, నా పేపరు ఎక్కడా లేదు. ఆ కాగితం పట్టుకుని ఆయన గదికి వెళ్లాను.

"సార్, నా పేపరు కనబడటం లేదు."

"కనబడకపోవడమేంటమ్మా, మీ పేరుందిగా. కింద చూడండి."

కింద చూశాను. భోజనం అన్న మాటకు పైన, వందన సమర్పణ అన్న చోట నా పేరుంది.

"ఇది వందన సమర్పణ సార్."

"టైము చాలట్లేదమ్మా. ముఖ్య అతిథి గారితో పాటు ఇంకొకాయన వస్తానంటున్నారు. ఆయన చేత మాట్లాడించకపోతే బాగోదు. మీరంటే మనింటి మనిషి, సర్దుకుపోతారు." మళ్లీ తల ఎత్తి, "తప్పులేమైనా ఉన్నాయా?" అని అడిగారు.

"ఒక్కటే ఉంది సార్," అన్నాను. ఆయనకు వినబడలేదు.

వందన సమర్పణ అంటే ఏమిటో సెమినార్లకు వెళ్లనివాళ్లకు చెప్పాలి. పనంతా చేసిన మనిషిని, పని చేయనివాళ్లందరికీ కృతజ్ఞతలు చెప్పమని ఆఖర్న మైకు ముందు నిలబెడతారు. అప్పటికి పక్క గదిలోంచి మసాలా వాసన వస్తుంటుంది. మొదటి పేరు చదివేసరికి వెనక వరుస లేస్తుంది, మూడో పేరుకు మధ్య వరుస. చివరి పేరు కుర్చీలకు చెప్పి దిగిపోవాలి. మా క్యాంపస్‌లో ఇంతవరకూ ఏ వందన సమర్పణా ఏ మనిషి చెవినా పడలేదు.

ఆ సాయంత్రం మా అత్తమ్మ మెంతికూర తెంపుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పాను.

"మెత్తనోళ్లను జూస్తే మొత్తబుద్ధి బిడ్డా," అందామె కూరలోంచి తల ఎత్తకుండా. "జర కారంగుండు."

మా ఆయన టీవీ గొంతు తగ్గించాడు. "లైట్ తీస్కో. వచ్చే ఏడు చదువుతవ్ తీ." మళ్లీ పెంచాడు.

హెడ్డు గారి మీద కోపం అప్పటిదాకా ఉప్పులా ఉంది. మా ఆయన మాటతో కారమైంది.

మర్నాడు దోసె పెనం మీద వేసి, ఫ్రిజ్ మీది పెళ్లి పత్రిక చేతిలోకి తీసుకున్నాను. శాలువాలు, సర్టిఫికెట్లు, భోజనాలు, మైకు. రోజూ చూసే మాటలే. ఆ రోజు మాత్రం అవి పనుల్లా కనబడలేదు, తాళం చెవుల్లా కనబడ్డాయి. శాలువా కప్పించుకోకుండా వేదిక మీది పెద్దమనిషి ఎవడూ ఇంటికి పోడు. సర్టిఫికెట్ చేతికి రాకుండా కింద కూర్చున్న పరిశోధక విద్యార్థి ఎవడూ కదలడు. భోజనం సంగతి చెప్పనక్కర్లేదు. ఇవన్నీ ఒకే బీరువాలో, ఒకే మనిషి సంచిలో ఉన్నాయి. పనంతా నా నెత్తిన పెట్టినాయన, హాలు మొత్తాన్నీ నా కొంగున కట్టాడని తెలుసుకోలేదు. దోసె మాడిపోయింది. మా ఆయనకు వడ్డించాను.

కార్యక్రమం వరుస టైపు చేసేది నేనే కనుక, సన్మానాన్నీ సర్టిఫికెట్లనూ వందన సమర్పణ తర్వాతకు జరిపాను. హెడ్డు గారు చదవరు. "మీరు చూశారుగా" అని సంతకం పెడతారు, పెట్టారు. తర్వాత హబ్సిగూడలో భోజనాలు వండే అతని దగ్గరకు వెళ్లాను.

"అన్నా, నేను చెప్పేదాంక మూతలు తియ్యొద్దు."

"చల్లారుతది గద మేడం."

"కింద సన్నగ మంట పెట్టు. వాసన రానియ్. అన్నం మాత్రం ఎవరికీ పెట్టకు."

అతను గరిటె పక్కన పెట్టాడు. "ఎవరి మీద మేడం, గింత పగ?"

"మూతల సంగతి చూడన్నా నువ్వు."

సెమినారు రోజు పొద్దున పెళ్లి పత్రికను రెండుగా చింపాను. యూనివర్సిటీ సగం నా సంచిలో, ఇంటి సగం మా ఆయన చొక్కా జేబులో. నా కూతురు అది చూసి చెవిలో అడిగింది.

"మమ్మీ, డాడీకి గ్యాస్ బుక్ చేసుడు వస్తదా?"

"రాకుంటే నేర్చుకుంటడు."

"నీకు ఫోన్ చేస్తడు చూడు."

"చెయ్యనీ." ఫోను మూగగా మార్చి స్కూటీ ఎక్కాను.

ముఖ్య అతిథి గారు పొద్దున రావలసినవారు, ఎండ నడినెత్తికి వచ్చాక వచ్చారు. వెంట వచ్చిన ఆయన, అంటే నా పేపరు జాగాలో కూర్చున్న ఆయన, నాగరికతల పుట్టుక దగ్గర మొదలుపెట్టి మాట్లాడారు. హరప్పా దాటేసరికి బగారన్నం వాసన హాల్లోకి వచ్చింది. ఆయనకు కూడా ఆకలేసి మిగతా చరిత్ర వదిలేశారు. హెడ్డు గారు మైకు అందుకున్నారు.

"ఇప్పుడు మన మేడం రెండు ముక్కల్లో వందన సమర్పణ చేస్తారు."

వెనక వరుస లేచింది. నేను మైకు ముందుకు వెళ్లి నెమ్మదిగా చెప్పాను.

"దయచేసి కూర్చోండి. పేరు పిలిచినవారు లేచి నిలబడాలి, మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. ఎవరి పేరు ఎప్పుడొస్తుందో నేను కూడా చెప్పలేను. ఇది అయ్యాక సన్మానం. సన్మానం అయ్యాక సర్టిఫికెట్లు. సర్టిఫికెట్లు అయ్యాక భోజనం. బీరువా తాళం నా దగ్గరే ఉంది."

వెనక వరుస కూర్చుంది.

"ముందుగా ముఖ్య అతిథి గారికి వందనాలు. పొద్దున వస్తారనుకున్నాం, మధ్యాహ్నం వచ్చారు. ఎప్పుడొస్తారో తెలియక గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాం. ఇలా ఎదురుచూడటం మనకు ఈ ఒక్క పూటే. లాలాపేట్ గల్లీలో ఆడవాళ్లకు ఇది బతుకంతా ఉంది." అక్కడి నుంచి పేపరు మొదలైంది. నల్లా కింద బోర్లించిన పళ్లెం, చుక్క చప్పుడు, మెలకువగా ఉండే చెవి, అన్నీ చెప్పాను. అతిథి గారు లేచి నమస్కారం పెట్టాలో వద్దో తేలక సగం లేచి అలాగే ఉండిపోయారు. సగం లేచిన మనిషి మధ్యలో వెళ్లలేడు.

తర్వాత ఆయన వెంట వచ్చినాయనకు వందనాలు చెప్పాను. "ఒక్కోసారి నీళ్లు ఎవరూ అనుకోని వేళ వస్తాయి. బిందెలు సిద్ధంగా ఉండవు. గల్లీ అంతా పారి మోరీలో కలుస్తాయి. ఎన్ని వచ్చాయన్నది లెక్క కాదు, ఎవరికి పనికొచ్చాయన్నదే లెక్క. అయినా వచ్చినందుకు కృతజ్ఞతలు." ఆయన కాస్త ఆలస్యంగా చప్పట్లు కొట్టారు.

అప్పటికి హాలు వింటోంది. నిజం చెబుతున్నాను, క్యాంపస్ నెమలి ఒకటి కిటికీ గట్టు మీదికొచ్చి మెడ లోపల పెట్టి వింది. హెడ్డు గారు మాత్రం ఊరుకోలేదు. ఒక చీటీ రాసి నా ముందుకు జరిపారు. 'ఇక చాలు' అని ఉంది. మైకులోనే చదివాను.

"హెడ్డు గారు చీటీ పంపారు. ఇక చాలు అంటున్నారు. వారి చేతిరాతకు వందనాలు. వీరి గురించి చెప్పకపోతే నా పేపరు, క్షమించండి, నా వందన సమర్పణ పూర్తికాదు. నీళ్లు వదిలే వాల్వు ఒకరి చేతిలో ఉంటుంది. ఆయన తిప్పితే వీధికి నీళ్లొస్తాయి, మరిచిపోతే ఆ వీధి మొత్తం నిద్ర మానుకుంటుంది. ఆయనకు ఎవరి మీదా కోపం ఉండదు. మరిచిపోతాడు, అంతే. సర్దుకుపోతారులే అనుకుంటాడు. ఆ గల్లీలో ఒకామె నాతో అంది, నల్లా వచ్చే దినం నాకు కలలు రావని. ఆ మాట ఈ హాల్లో చెప్పే అవకాశమిచ్చినందుకు మా హెడ్డు గారికి ప్రత్యేక కృతజ్ఞతలు."

వక్తలను ఆపే గంట కోసం ఆయన బల్ల మీద వెతకడం నాకు కనబడింది. గంట కూడా నా పనుల్లోదే. నా సంచిలో ఉంది.

వెనక నుంచి ఒక పరిశోధక విద్యార్థిని చెయ్యెత్తింది. వందన సమర్పణలో ప్రశ్న అడిగిన మనిషిని నేనైతే మొదటిసారి చూశాను.

"మేడం, ఆ పళ్లెం పెట్టే అక్క పగలన్నా పండుకుంటదా?"

"లేదమ్మా. పగలు నాలుగిండ్ల పని చేస్తది."

ఆమె రాసుకుంది. ఆమె పక్కన ఇంకొకరు రాసుకున్నారు. పక్క గదిలో అన్నం ఉడుకు తగ్గకుండా అలాగే ఉంది. హాల్లో ఆకలి మాత్రం ఎక్కువైంది. ఆ ఆకలితో వాళ్లు నా ప్రతి మాటా విన్నారు, ఎక్కడ అయిపోతుందా అని. ఇంత శ్రద్ధగల శ్రోతలు ఏ వక్తకూ దొరికి ఉండరు. చివరి పేజీ దాకా చదివాను. పేజీ తిప్పినప్పుడల్లా తొందరపడలేదు.

తర్వాత శాలువాలు తీశాను. మా క్యాంపస్ శాలువాల గురించి చెప్పాలంటే, అవి ఏళ్లుగా ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి తిరుగుతుంటాయి. వాటిలో పాతది, కలరా ఉండల వాసన గట్టిగా వేసేది, హెడ్డు గారి కోసం ముందే తీసి పెట్టాను. మెడ చుట్టూ బిగించి కప్పాను. తుమ్ములు మొదలయ్యాయి. ఫొటోలన్నింటిలో ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు.

సర్టిఫికెట్లు పంచాక వండే అతనికి తలూపాను. మూతలు లేచాయి. వరండాలో హెడ్డు గారు నన్ను పక్కకు పిలిచారు. కళ్లు తడిగా ఉన్నాయి. "పొరపాటు నాదేనమ్మా. అంత మంచి పేపరును తీసేశాను. మన్నించండి" అన్నారు. నేను పెద్దమనసుతో "పర్వాలేదు సార్" అన్నాను.

ఫోను తీసి చూస్తే మా ఆయన పిలిచిన పిలుపులు తెర నిండా ఉన్నాయి. చివర్న ఒక సందేశం: 'గ్యాస్ బుక్ అయింది. గొళ్లెం ఏ సైజు?' జవాబివ్వలేదు. సాయంత్రానికి ఆయనే నాలుగు సైజుల గొళ్లేలు కొనుక్కొచ్చాడు, అత్తమ్మ వాటిని చూసి మూడు రోజులు నవ్వింది.

ఆ ఆదివారం లాలాపేట్ వెళ్లి పళ్లెం ఆమె పక్కన కూర్చున్నాను.

"విన్నరా?" అంది.

"విన్నరు. అన్నం పక్కగదిల పెట్టి వినిపించిన."

"మంచిగ చేసినవ్," అని బిందె జరిపి నాకు చోటిచ్చింది.

ఒట్టు వేశాను కాబట్టి ఇప్పుడు అసలు సంగతి చెప్పక తప్పదు. హెడ్డు గారి కన్నీళ్లు, ఆ క్షమాపణ నేను కల్పించినవి. కళ్లు తడిగా ఉన్న మాట నిజమే, అది కలరా ఉండల వల్ల. వరండాలో ఆయన గులాబ్ జామూన్ చేత్తో పట్టుకుని నాతో నిజంగా అన్నదిది: "వందన సమర్పణ ఇంత నిండుగా ఎవరూ చేయలేదమ్మా. ఇకనుంచి అన్ని సెమినార్లకూ మీరే చేయాలి." నా పేపరు మొత్తం విని ఆయనకు అర్థమైంది అంత. రాసేటప్పుడు ఆ చోటికి రాగానే నా చెయ్యి ఊరుకోలేదు, ఆయన్ని ఏడిపించింది. మిగతాదంతా జరిగింది, నెమలితో సహా.

ఆ మాటకు నేను "పర్వాలేదు సార్" అనలేదు కూడా. సంచిలోంచి బీరువా తాళం, హాలు తాళం, గంట తీసి ఆయన పళ్లెంలో, జామూన్ పాకం పక్కన పెట్టి వచ్చేశాను.

తర్వాతి సెమినారు పొద్దున్నే ఆయన ఫోను వచ్చింది. నేను పిల్లకు జడ వేస్తున్నాను. వెనక జనం సందడి వినబడుతోంది.

"అమ్మా, అతిథులొచ్చేశారు. దీపం కుందిలోకి నూనె ఎక్కడుంటుంది?"

"నా పేపరు ఏ సెషన్లో ఉంది సార్?"

కాసేపు కాగితాల చప్పుడు వినబడింది. ఎవరితోనో ఏదో గొణిగారు. పెన్నుతో కొట్టేసిన చప్పుడు కూడా విన్నట్టే అనిపించింది.

"మొదటి సెషన్, మొదటి పేపరు మీదేనమ్మా. నూనె?"

"బీరువా కింది అరలో, కుడివైపు సార్."

ఒత్తుల సంగతి ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.